పావురాల బండ పువ్వు

నమోదు 1
మార్గశిరం, సోమవారం

పువ్వు వచ్చింది.

తీర మండలి నుంచి ఫర్హానా గారు నీళ్ల సంచిని ఒళ్లో పెట్టుకుని, కొండ మీదికి తీగ మీద వేలాడుతూ నడిచే తీగబండిలో నా పక్కనే కూర్చుని తెచ్చారు. బండి నడిపింది నేనే. నా ఉద్యోగంలో ఇంత మెల్లగా ఎన్నడూ నడపలేదు. వెనక కూర్చున్న కూరగాయలావిడ ఆగలేక, "ఏటమ్మా, ఇయ్యాల తీగ మీద నత్త పాకుతున్నాదేటి?" అని అడిగేసింది.

ఇంటికొచ్చి సంచి విప్పితే లోపల పువ్వులాంటిదేమీ లేదు. నానబెట్టిన చింతపండు ముద్దలాంటిది ఒకటి చిన్న రాయికి అంటుకుని ఉంది.

"ఇదేనా?" అన్నాను.

"ఇదేనక్కా. ప్రయాణానికి బెదిరి ముడుచుకుంది. వేలు పెట్టి కదపకండి. ఎక్కడ కూర్చోవాలో దాన్నే తేల్చుకోనివ్వండి" అన్నారావిడ. వయసులో నాకంటే చిన్నదే గానీ, కడలిపువ్వుల విషయంలో మండలి మొత్తం ఆవిడ మాటే వింటుంది.

మా ఆయన కోదండం తొట్టి ముందు చతికిలబడ్డాడు. రెండేళ్లుగా మేం పువ్వు లేని తొట్టినే నడుపుతున్నాం. ఉప్పునీళ్లు, రాళ్లు, దీపం, నీటిని కదిపే పంపు, గాజు మీద పాచి తినే నత్తలు, ఒక జత నారింజ చారల చేపలు. తొట్టి పాతబడి నీళ్లు నిలకడకు వస్తే గానీ మండలి పువ్వు ఇవ్వదు. "రాళ్లకి దీపమెట్టి పూజ సేత్తన్నాం" అని ఇన్నాళ్లూ నవ్విన మనిషి ఈ రోజు నవ్వలేదు.

"ఊపిరి తీత్తందా అది?" అని గుసగుసగా అడిగాడు.

నమోదు కోసం చెప్పాల్సిన వివరాలు. నా పేరు మైలపల్లి తరళ. కొండను మెట్లుగా చెక్కి కట్టిన ఎగువపట్నంలో పదో మెట్టు, గవ్వల బ్లాకు. పేరుకే పువ్వు గానీ ఇది రాయిని పట్టుకుని బతికే సముద్ర జీవి, పావురాల బండది. మా ముత్తాతలు చేపల వేటకెళ్లిన దారిలో, ఇప్పుడు మునిగిపోయిన పాత తీరానికి అవతల, సముద్రం అడుగున ఉంది ఆ బండ. నీళ్లు వేడెక్కిన ఏళ్లలో దాని మీది పువ్వులన్నీ తెల్లబడి చచ్చిపోయాయి. మిగిలిన కొద్దివాటినీ మండలి పైకి తెచ్చి పెంచి, ఇళ్లకు పంచింది. ఒక బండ పువ్వులు ఇంకో బండవాటితో కలిసిపోకుండా బ్లాకుకొక బండ. అంటే మా బ్లాకు ఇళ్లలో ఉన్నవి తప్ప పావురాల బండ పువ్వులు ఇంకెక్కడా లేవు. సముద్రం చల్లబడిన ఏడు వీటిని తీసుకెళ్లి మళ్లీ ఆ బండ మీదే పెడతారట.

నమోదు 3
మార్గశిరం, గురువారం

పువ్వు నడుస్తోంది. పొద్దున చూస్తే రాయి దిగింది. మధ్యాహ్నానికి గాజు అంచుకు చేరింది. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి పంపు వైపు తిరిగింది. పంపు లాక్కుంటే ముక్కలైపోతుంది. పై అంతస్తు వరహాలమ్మ పిన్నిని పిలుచుకొచ్చాను.

మా బ్లాకులో అందరికంటే పాత పువ్వు ఆవిడదే. పళ్లెం అంత ఉంటుంది. మండలి వాళ్లు కొత్తవాళ్లకు చూపించడానికి ఆవిడ ఇంటికే తీసుకొస్తారు. పిన్ని పుట్టింది దిగువ తీరంలో, ఊరు మునగక ముందు. సముద్రంలో ఈత కొట్టిన మనిషి. ఆ సంగతి రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెబుతుంది.

"నడిస్తే నడవనీ. కాపరానికొచ్చిన కొత్త కోడలు గదులన్నీ తిరిగి సూసుకోదేటి? పంపు మూతికి స్పాంజి కట్టినావా?"

"కట్టాను పిన్నీ."

"మరింకేటి ఏడుపు? ఒగ్గీ."

అని వెళ్లబోతూ ఉప్పు కొలిచే గొట్టం తీసి చూసి మొహం చిట్లించింది. "తగ్గిన నీటికి ఏటి పోస్తన్నావు?"

"ఉప్పునీళ్లే."

"ఆరిపోయింది నీళ్లే గానీ ఉప్పు కాదు గదే! ఇలగ పోసుకుంటా పోతే ఊరగాయ అయిపోద్ది. మంచినీళ్లు పొయ్యి."

మంచినీళ్లంటే మిద్దె మీది డ్రమ్ములో నీళ్లు. గాలిలోంచి తేమ పిండి నీళ్లు తీసే యంత్రం ఉంది అక్కడ. బ్లాకు మొత్తం గిన్నెలు కడగడానికీ, తొట్లకూ అవే వాడతారు. తాగడానికి మాత్రం మండలి పంపే సీలు క్యాన్లు. డ్రమ్ము తాళంచెవి పిన్ని బొడ్లోనే ఉంటుంది.

నమోదు 7
పుష్యం, ఆదివారం

ఇకపై మిద్దె మీదికి వెళ్లను.

పువ్వు ఒక మూల రాయి ఎంచుకుని కూర్చుంది. ఆ సంబరంలో దానికి పెద్ద రొయ్య ముక్క పెట్టాను. మర్నాడు దాన్ని కక్కేసింది. నీళ్లు మబ్బేశాయి. ఏం చేయాలో అడుగుదామని క్యాను పట్టుకుని మిద్దె ఎక్కితే, అక్కడ నీళ్ల వంతు కోసం సగం బ్లాకు నిలబడి ఉంది. సంగతి వినగానే అందరి ముందూ పిన్ని గొంతెత్తింది.

"ఆవగింజంత పెట్టమన్నానా? గుమ్మడికాయంత పెట్టమన్నానా? సముద్రం మొకం సూడని దానికి పువ్వెందుకిచ్చారో ఆళ్లకే తెలియాల!"

నిజమే. నేను కొండ మీదే పుట్టాను. సముద్రాన్ని తీగబండి కిటికీలోంచి, దూరాన మెరిసే రేకు ముక్కలా చూడడమే. మైలపల్లి అని చేపలు పట్టేవాళ్ల ఇంటిపేరు పెట్టుకుని ఒక్కసారైనా ఉప్పునీట్లో కాలు తడపని దాన్ని. ఎవరూ అనకపోయినా నాకు తెలిసిన సంగతే. అందరి ముందూ అంటే మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఖాళీ క్యానుతోనే దిగొచ్చేశాను. కొండ కొసన, తీగబండి ఆఖరి స్టేషను దగ్గర పొగమంచును నీళ్లుగా పట్టే వలలున్నాయి. తెల్లారేసరికి వాటి కింద తొట్లు నిండుతాయి. ఉద్యోగస్తులకు ఒక క్యాను ఉచితం. ఇకనుంచి నా పువ్వుకు ఆ నీళ్లే.

"ఆవిడతో నీకు పంతమేటే, పెద్దది" అన్నాడు కోదండం.

"నువ్వు మాట్లాడకు మావా" అన్నాను.

నమోదు 9
పుష్యం, శుక్రవారం

విచ్చుకుంది!

ఇన్నాళ్లూ నేను చూసింది సగమే. ఈ రోజు దీపం వెలిగిన కాసేపటికి అరచేతి కంటే పెద్దదైంది. లేత ఆకుపచ్చ వేళ్లు, ప్రతి వేలి కొసనా వంకాయ రంగు బొడిపె. నీటి కదలికకు అన్నీ ఒకేసారి ఇటు వంగి, మళ్లీ అటు వంగుతున్నాయి. నారింజ చేపల్లో పెద్దది దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, తోకతో తడిమి, ధైర్యం చేసి లోపల దూరింది. చిన్నది బయటే నిలబడి చూసింది. తర్వాత అదీ దూరింది.

పిన్నికి చెప్పాలని కాళ్లు మెట్ల దాకా వెళ్లాయి. వెనక్కి లాక్కున్నాను.

మిద్దె మీది యంత్రానికి తేమ పట్టే కొత్త గొట్టాల చుట్టలు వేశారట. నీళ్లు రెట్టింపు వస్తున్నాయని బ్లాకంతా ఒకటే సంతోషం.

నమోదు 14
మాఘం, బుధవారం

పిన్ని పువ్వు చచ్చిపోయింది.

మెట్ల మీదికే వాసన వచ్చింది. కుళ్లిన చేపకంటే ఘోరమైన వాసన. పంతం పక్కన పెట్టి పైకెళ్లాను. తలుపు తీసే ఉంది. తొట్టి ఖాళీ చేసి, బకెట్ల మధ్య నేల మీద కూర్చుని ఉందావిడ. చేపలు మాత్రం ఒక బకెట్లో హాయిగా తిరుగుతున్నాయి.

"మొన్న ముడుసుకున్నాది. ఆటి ఒంట్లో సెత్త కక్కడానికి ముడుసుకుంటాయి గదా, అలగే అనుకున్నాను. నోరు తెరిసినాది. మరి మూయనేదు" అంది నా వైపు చూడకుండా. "తొమ్మిదేళ్లే తరళా. నా ఇంట్లో నాకు ఎదురు మాటాడకుండా నా మాట ఇన్నది అదొక్కతే."

పక్కన కూర్చున్నాను. ఇద్దరం కలిసి రాళ్లు కడిగాం. తిట్టు సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నమోదు 17
ఫాల్గుణం, మంగళవారం

ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. కింద సత్యవేణి గారిది, ఎదురింటివాళ్లది, మూలింటి అన్నదమ్ములది. అన్నీ ఒకే తీరు. ముందు ముడుచుకోవడం, తర్వాత నోరు తెరవడం, తెల్లబడడం. ఫర్హానా గారు వచ్చి అన్ని ఇళ్ల నుంచీ ముక్కలు తీసుకెళ్లారు. జబ్బు ఏదీ దొరకలేదట. అయినా జబ్బే అనుకుని, ఒక ఇంటి వల గానీ చెంచా గానీ ఇంకో ఇంటికి వెళ్లకూడదని కట్టడి పెట్టారు.

ఈ రోజుకి గవ్వల బ్లాకులో బతికున్న పువ్వు నాదొక్కటే. అది ఒళ్లు విరుచుకుని, చేపల్ని ఒళ్లో పెట్టుకుని కులాసాగా ఉంది.

మెట్ల మీద నన్ను చూసి మాటలు ఆగిపోతున్నాయి. ఎదురింటావిడ మొహం మీదే అడిగింది: "అందరియీ పోయి నీదొక్కదాందే మిగిలినాదంటే, ఏటి కలుపుతున్నావమ్మా నీళ్లలో? మాకూ సెప్పకూడదా?"

"నాకు తెలిస్తే చెప్పనా?" అన్నాను. నమ్మలేదు. నాక్కూడా నిజంగా తెలియదు. తెలియని అదృష్టం ఎంతసేపు నిలుస్తుందోనని తొట్టి ముందు నుంచి లేవలేకపోతున్నాను.

ఫర్హానా గారు వెళ్తూ నా చేయి పట్టుకున్నారు. "అక్కా, ఈ కార్తీకానికి బండ దగ్గర నీళ్లు చల్లబడేలా ఉన్నాయి. ఇన్నేళ్లకు మొదటిసారి. ఇప్పుడు పావురాల బండ అంటే మీ తొట్టిలో ఉన్నదే. ఇంకేం లేదు."

నమోదు 21
చైత్రం, వడగాలి మొదటి రోజు

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొగమంచు ఆగిపోయి చాలా రోజులైంది. దాచిన క్యాన్లతో నెట్టుకొచ్చాను. వడగాలి వస్తోందని హెచ్చరిక రాగానే కింది మెట్లవాళ్లను పైకి చేర్చడానికి వరసగా డ్యూటీలు వేశారు. ఇంటికి రావడం, పడుకోవడం, వెళ్లడం. తొట్టి సంగతి కోదండానికి అప్పగించాను.

ఈ పొద్దున గాలి వేడికి తీగబండ్లు ఆపేశారు. ఇంటికొచ్చి చూస్తే నత్తలు గాజు మీద లేవు. అన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి. పువ్వు పట్టు వదిలేసి, నలిగిన గుడ్డముక్కలా ఇసుక మీద దొర్లుతోంది. నోరు తెరుచుకుంది.

చేపలు మాత్రం బాగానే ఉన్నాయి.

నా అరుపుకి కోదండం వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "నిన్న బానే ఉన్నాదే! నీళ్లు తగ్గితే పోసినాను కూడా."

"ఏ నీళ్లు?"

"క్యాన్లు అయిపోనాయి గదా. వరహాలమ్మ పిన్నిని తాళమడిగి డ్రమ్ములోయి తెచ్చినాను. నాలుగు రోజుల్నించీ అయ్యే." అని నా మొహం చూసి ఆగిపోయాడు. "తప్పు సేసినానా?"

కోప్పడడానికి కూడా తీరిక లేదు. చేపలు బాగున్నాయి, నత్తలు చచ్చాయి. పిన్ని ఇంట్లోనూ అంతే. చేపలు బకెట్లో ఈదుతున్నాయి, పువ్వు పోయింది. అందరి ఇళ్లలోనూ డ్రమ్ము నీళ్లే. నా ఇంట్లో తప్ప. పుష్యం నుంచి నేను ఆ డ్రమ్ము ముట్టుకోలేదు. నేను కలిపిందేమీ లేదు. కలపనిదే ఉంది.

మెట్లెక్కి పిన్ని తలుపు బాదాను. "పిన్నీ, తాళం!"

మిద్దె మీద గాలి పెనంలా కాలుస్తోంది. యంత్రం మూత పైకి లేపాం. కొత్త చుట్టలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. అతుకుల దగ్గర, నీటి చుక్కలు జారే చోటల్లా ఆకుపచ్చ చిలుం.

పిన్ని వేలితో గీకి చూసింది. "రాగి" అంది.

ఇంటికి పరుగెత్తి ఫర్హానా గారిని తెర మీదికి పిలిచాను. సగం చెప్పేసరికే ఆవిడ లేచి నిలబడ్డారు. "రాగా? అక్కా, మేమిచ్చిన పరీక్షల పెట్టెలో అడుగున నీలం మూత సీసా ఉంటుంది, రాగి పరీక్ష చుక్కలు. వేయండి." వేశాం. గ్లాసులోకి తీసిన తొట్టి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఆవిడ కళ్లు మూసుకున్నారు. "చేపలు ఓర్చుకుంటాయి. నత్తలూ పువ్వులూ ఓర్చుకోలేవు. మేం జబ్బు కోసం వెతికాం గానీ నీళ్లు వచ్చే దారి చూడలేదు. నేను చూడలేదు."

"అది తర్వాత. ఇప్పుడేం చేయాలి?"

"ఆ నీళ్లలోంచి తీసేయాలి. తొట్టి, రాళ్లు, ఇసుక అన్నీ రాగి పీల్చేసుకుని ఉంటాయి, దేన్నీ వాడొద్దు. కొత్త పాత్ర, కొత్త ఉప్పునీళ్లు. ఇక్కణ్ణుంచి పంపుదామంటే తీగబండి నడవదు. వడగాలి తగ్గడానికి రెండు రోజులంటున్నారు."

"రెండు రోజులు ఆగుతుందా?"

"సాయంత్రం దాకా కూడా ఆగదక్కా."

ఉప్పు పిన్ని దగ్గర బస్తాడు ఉంది. లేనిది నీళ్లు. శుభ్రమైన నీళ్లంటే సీలు క్యాన్లే. వడగాలి రోజుల్లో ఇంటికి ఒక్క క్యానే ఇస్తారు. నా క్యాను తెచ్చి పెట్టాను. పిన్ని తనది తెచ్చింది. రెండూ కలిపితే పాత్ర అడుగు కూడా తడవదు.

పిన్ని నడుముకి కొంగు దోపి మెట్ల మధ్యలో నిలబడింది. ఆ గొంతు నన్ను తిట్టిన గొంతే. కాని ఈసారి బ్లాకు మొత్తానికి వినబడింది.

"ఒలమ్మలారా, ఒరే నాయనలారా! మన పువ్వుల్ని సంపింది జబ్బు కాదు, మనం పోసిన నీళ్లే! మిద్దె మీద రాగి సుట్టలు. ఆ తాళం తీసి మీకందరికీ నీళ్లిచ్చింది నేనే. ఇంకొక్కటే మిగిలున్నాది. తరళ ఇంట్లో. దానికి తాగే నీళ్లు కావాల. ఇచ్చినోళ్లు ఇవ్వండి, ఇవ్వనోళ్లని నేనేటీ అనను!"

ఈ ఎండలో తాగే నీళ్లు అడగడమంటే మాటలు కాదు. అందరి పువ్వులూ పోయాక నా పువ్వుకి అడగడం ఇంకా కష్టం. ఎవరూ రారనుకున్నాను.

ముందు ఎదురింటావిడే వచ్చింది, నన్ను అనుమానించినావిడ. చెంబుతో నీళ్లు పట్టుకుని, నా మొహం చూడకుండా, "ఇంట్లో పసిదుంది, ఇంతే ఇవ్వగలను" అని పెట్టి వెళ్లింది. తర్వాత మూలింటి అన్నదమ్ములు. తర్వాత వరస కట్టారు. సీసాలు, గ్లాసులు, టిఫిన్ డబ్బాలు. వీధి చివర టిఫిన్ల కొట్టాయన ఇడ్లీపిండి కలిపే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము కడిగి మోసుకొచ్చాడు.

సత్యవేణి గారు అందరికంటే ఆఖర్న, రొప్పుతూ, పెద్ద బిందె చంకనెత్తుకుని వచ్చారు. "మా ఇంట్లో ఇంతకంటే మంచి నీళ్లు లేవమ్మా. ఆరోగ్యానికి మంచిదని రోజూ ఇందులోనే పోసి ఉంచుతాం!"

తళతళలాడే రాగి బిందె.

ముందు వరహాలమ్మ పిన్ని నవ్వింది. పువ్వు పోయాక ఆవిడ నవ్వగా నేను వినలేదు. గోడ పట్టుకుని నవ్వింది. ఏమైందో తెలియకపోయినా సత్యవేణి గారూ నవ్వేశారు. విషయం చెప్పాక నాలుక కరుచుకుని, పరుగున వెళ్లి సీలు తీయని క్యాను తెచ్చారు.

ఫర్హానా గారు తెర మీద నుంచి చెబుతుంటే ఉప్పు కలిపాం. కోదండం గరిటె కర్రతో చేతులు బొబ్బలెక్కేలా తిప్పాడు. పిండి డ్రమ్ము చుట్టూ తడిగుడ్డ చుట్టాం, వేడెక్కకుండా. ఉప్పు కొలత సరిపోయిందని పిన్ని, వేడి సరిపోయిందని నేను, ఇద్దరం ఒకరినొకరు రెండేసిసార్లు సరిచూసుకున్నాక పువ్వును గిన్నెలోకి తీశాను. కొత్త నీళ్లు కొంచెం కొంచెంగా అలవాటు చేశాక, డ్రమ్ములోకి వదిలాను.

అడుగుకి జారి అలాగే పడి ఉంది.

నమోదు 22
చైత్రం, వడగాలి మూడో రోజు

బతికుంది. అంతకు మించి చెప్పలేను. తెల్లగా, నిమ్మకాయంత ఉంది. నోరు సగం మూసింది.

వంతులు వేసుకుని నీళ్లు చూస్తున్నారు. మా ఇంటి తలుపు మూసే అవసరమే రావడం లేదు. మధ్యాహ్నం కోదండం నా పక్కన కూర్చుని, "నేను పోసిన నీళ్లకే గదా తరళా" అన్నాడు.

"నువ్వు పోయకపోతే నీళ్లలో ఏముందో ఎప్పటికీ తెలిసేది కాదు మావా. పొగమంచు అయిపోయాక నేనే పోసేదాన్ని" అన్నాను. ఓదార్పుకి అన్న మాట కాదది. కూర్చుని ఆలోచించాకే అన్నాను.

నమోదు 24
వైశాఖం

తీగబండ్లు నడిచిన మొదటి రోజే ఫర్హానా గారు కొత్త తొట్టి, మండలి షెడ్డులో ఉప్పునీళ్లలో నానబెట్టి సిద్ధం చేసిన రాళ్లు, నీళ్లలో విషం పీల్చే బొగ్గు సంచులు తెచ్చారు. మిద్దె మీది చుట్టలు పీకి కిందికి దించారు. ఒక బండ పువ్వులన్నీ ఒకే బ్లాకులో ఉంచే పద్ధతి మారుస్తామని, ఆ తప్పు మండలిదేనని మెట్ల మీద అందరి ముందూ చెప్పారు. పిన్ని ఆవిడకి మజ్జిగ ఇచ్చింది.

రంగు పోయిన పువ్వుకి ఒక్కసారిగా వెలుగు పెట్టకూడదట. దీపం మీద పల్చటి గుడ్డ కప్పాను. వారానికొక మడత విప్పాలి.

నమోదు 27
జ్యేష్ఠం

రొయ్య ముక్కను ఆవగింజంత చేసి, పుల్లతో నోటి దగ్గర పెట్టాను. కక్కేసింది. మర్నాడూ కక్కేసింది. ఈ రోజు పిన్ని నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తుండగా ఒక వేలు వంగింది. తర్వాత పక్క వేలు. ముక్కను మెల్లగా లోపలికి దాచుకుని నోరు మూసుకుంది.

"తిన్నాది! తిన్నాదే!" అని పిన్ని నా వీపు మీద చరిచిన చరుపుకి పుల్ల నీట్లో పడింది.

ఆవిడకి ఇప్పుడు తన ఇంట్లో పని లేదు. పొద్దున్నే ఇక్కడే కాఫీ. తిట్లూ ఇక్కడే. గాజు తుడిచే తీరు బాలేదట. చెంచా పెట్టిన చోటు బాలేదట. ఒకరోజు మాటల మధ్యలో, "మిద్దె మీద ఆ మాట అనకూడదు. నోటి దురద" అంది. నేను ఇంకో గ్లాసు కాఫీ పోశాను.

నమోదు 31
ఆషాఢం, జల్లులు

వేళ్ల కొసల్లో వంకాయ రంగు! ఒక్క చోటే, పక్క నుంచి చూస్తేనే. నేను ఊహించుకుంటున్నానేమోనని ఎదురింటావిడను పిలిచాను. ఆవిడ తన పసిపిల్లనెత్తుకుని వచ్చి చూసి, "ఉన్నాది, ఉన్నాది, నిజంగానే ఉన్నాది" అంది.

నమోదు 38
భాద్రపదం, శనివారం

ఈ రోజు నా ప్రాణం పోయి వచ్చింది.

పువ్వు అరచేయి దాటి పెరిగింది. చేపలు మళ్లీ దాంట్లోనే కాపురం. అలాంటిది, మధ్యాహ్నం చూస్తే ఒళ్లు ఇటు సగం అటు సగం లాక్కుంటోంది. నడుమ సన్నబడి, చీలిక పడుతోంది. నోరు రెండు వైపులకీ సాగిపోయింది.

"పిన్నీ! చిరిగిపోతోంది!" అని మెట్ల మీదికి అరిచాను.

ఆవిడ వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, గాజుకి ముక్కు ఆనించింది. చాలాసేపు చూసింది. లేచేసరికి ఆవిడ కళ్లు నిండిపోయాయి.

"సావట్లేదే పిచ్చిదానా. రెండవతన్నాది."

సాయంత్రానికి రెండుగా విడిపోయాయి. చెరో పక్కకీ నడిచి, చెరో రాయీ ఎంచుకున్నాయి. ఒక్కోదాని పక్కన పచ్చిగాయం. ఫర్హానా గారు తెర మీద చూసి, "వాటినలాగే వదిలేయండి, మూడు నాలుగు రోజుల్లో మానిపోతుంది" అన్నారు. చేపలు ఎటు వెళ్లాలో తోచక కాసేపు అటూ, కాసేపు ఇటూ తిరిగాయి.

ఆ సంబరంలో రాత్రి భోజనానికి ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. టిఫిన్ల కొట్టాయన ఇడ్లీలు మోసుకొచ్చి, మెట్ల మీదే అందరికీ పెట్టాడు.

నమోదు 44
కార్తీకం, పౌర్ణమి ముందు రోజు

రెండు పువ్వుల్లో ఒకటి పిన్ని ఇంటికి వెళ్లింది. కొత్త తొట్టిలో, కొత్త నీళ్లలో. నేనిస్తున్నానంటే ముందు వద్దంది. తర్వాత ఎత్తుకెళ్లింది. ఇంకో దానికి ఈ రోజు ప్రయాణం.

తీగబండి నేనే నడిపాను. అన్నిటికంటే కింది మెట్టు దగ్గర దిగి చాలా దూరం నడిస్తే రేవు. బ్లాకులో సగం మంది వచ్చారు. పడవలో చోటు లేక మిగిలినవాళ్లు రేవులోనే నిలబడ్డారు. బండ మీద పువ్వు పెట్టేది ఎవరని మండలి అడిగితే, పెంచిన మనిషే పెట్టాలని అందరూ ఒకే మాట చెప్పారట. అందుకే శ్రావణం నుంచి మండలి కొలనులో ఫర్హానా గారు నాకు నీళ్లలో ఊపిరి తీయడం నేర్పుతున్నారు.

బండ ఉన్న చోట పడవ ఆపాక, అంచున కూర్చున్నప్పుడు భయమేసింది. కింద అంతా చీకటి నీలం. గాజు గోడలు లేవు. పిన్ని నా వీపు మీది సిలిండరు పట్టీ బిగిస్తూ, "సల్లగుంటాది ముందు. తర్వాత బాగుంటాది. ఎల్లు" అంది.

దూకాను.

చల్లగా ఉంది. ఉప్పు పెదాల మీద కుట్టింది. ఫర్హానా గారి దీపం వెంట దిగుతుంటే, కింద నుంచి పావురాల బండ పైకి వచ్చినట్టనిపించింది. తాడిచెట్టంత ఎత్తు, బోడిగా, బూడిద రంగులో ఉంది. కాని దగ్గరకెళ్తే దాని మీద అప్పుడే పచ్చటి పాచి పట్టి ఉంది. రెండు చిన్న చేపలు దాన్ని గీకుతున్నాయి. ఫర్హానా గారు ఒక పగులు చూపించారు. వెలుగు పడే చోటు, నీటి విసురు నేరుగా తగలని చోటు.

సంచి విప్పి, పువ్వును అరచేతిలోకి తీసుకుని పగుల్లో ఆనించాను. అది రాయిని పట్టుకోలేదు. నా చేతినే పట్టుకుంది. వేళ్లన్నీ నా వేళ్లకు అంటుకుపోయాయి. లాగితే చిరుగుతుంది. ఫర్హానా గారు చేయి అడ్డంగా ఊపారు: కదలకండి, ఆగండి.

ఆగాను. నా ఊపిరి బుడగలు పైకి పోతున్నాయి. అలల ఊపుకి నేను ఇటు వంగుతున్నాను, అదీ ఇటు వంగుతోంది. ఎంతసేపో తెలియదు. గాలి ఎంతుందో చూసుకోమని ఫర్హానా గారు సైగ చేశారు కూడా. అప్పుడు దాని పాదం కింద ఏదో బిగిసినట్టు తెలిసింది. వేళ్లు ఒక్కొక్కటే నన్ను వదిలేశాయి. ఒకటి, పక్కది, దాని పక్కది. చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాను. పువ్వు బండ మీదే ఉంది. అల వచ్చింది. ఊగింది. ఊడలేదు. ఇంకో అల వచ్చింది. అప్పుడు అది ముడుచుకుని, మళ్లీ ఒళ్లు విరుచుకుని, నా తొట్టిలో ఎన్నడూ విచ్చుకోనంత వెడల్పుగా విచ్చుకుంది.

నీళ్లలో ఏడవొచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

పైకి తేలేసరికి పడవ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. అందరూ ఆ అంచునే ఉన్నారు. కోదండం సగం నీట్లోకి వంగి ఉన్నాడు, అతని చొక్కా పట్టుకుని సత్యవేణి గారు. అందరి కంటే ముందు పిన్ని గొంతు.

"పట్టిందా?"

నోట్లో గొట్టం పీకేసి అరిచాను. "పట్టింది! బండని పట్టుకుంది పిన్నీ!"

ఆ తర్వాత ఎవరేమంటున్నారో వినబడలేదు. పడవంతా ఒకటే కేకలు. పిన్ని రెండు చేతులూ నీట్లో ముంచి, ఆ నీళ్లు మొహానికి రాసుకుని, పక్కనున్న వాళ్లందరి మీదా చల్లేస్తోంది. కోదండం నన్ను పైకి లాగడానికి చేయి చాచాడు. పట్టుకుని, ఒక కాలు పడవ మీద పెట్టి, నా సిలిండరులో గాలి ఇంకా ఉందా అని ఫర్హానా గారిని అడిగాను. కొంచెం ఉందన్నారు.

"ఇంకొక్కసారి చూసొస్తా మావా" అని, ఎవరూ వద్దనేలోగా మళ్లీ దూకేశాను.